ఆ పూట చేతికి పనేమిటి?

అద్దం ముందు నిలబడి “ఈ చీర మీదకి ఏం పెట్టుకోను?” అని అడగడం మనకు అలవాటు. మంచి ప్రశ్నే గానీ, అది రెండోసారి అడగాల్సింది. ముందు అడగాల్సింది వేరే ఉంది. గడప దాటిన దగ్గర్నుంచి మళ్ళీ ఇంటికొచ్చేదాకా ఈ చెవులు, ఈ మెడ, ఈ చేతులు, ఈ కాళ్ళు ఏ పనుల్లో ఉంటాయి? దీనికి జవాబు చెప్పుకుంటే పెట్టెలో సగం సరుకు ఆ పూటకి దానంతటదే పక్కకు జరుగుతుంది. మిగిలిన సగంలోంచి బట్టకు నప్పేది ఏరుకోవడం పెద్ద కష్టం కాదు.

వరస తిరగబడితే ఏమవుతుందో స్కూటీ మీద ఆఫీసుకు వెళ్ళే అమ్మాయిని అడగండి. అనార్కలీకి చక్కగా నప్పే బుట్టలు పెట్టుకుంటుంది. హెల్మెట్ తల మీదకి దూరుస్తుంటే బుట్ట అంచు మెడకు గుచ్చుకుంటుంది. తీసేటప్పుడు లోపలి మెత్తకు కొక్కెం తగులుకుని చెవి తమ్మె సాగుతుంది. రెండు రోజులు ఇలా జరిగాక బుట్టలు మానేస్తే గొడవ లేదు. కొందరు హెల్మెట్ మానేస్తారు, “దగ్గరే కదా” అంటూ. దారిలో ఉన్నంతసేపూ చెవికి అంటుకుని ఉండే దుద్దులు చాలు, అవి కూడా వెనక మర గుండ్రంగా ఉన్నవి. బుట్టలు చిన్న డబ్బాలో, డబ్బా బ్యాగులో ఉంటే ఆఫీసు చేరాక మార్చుకోవచ్చు. సాయంత్రం రిసెప్షన్ ఉన్న రోజు కూడా ఇదే పద్ధతి. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒకే అలంకారం మోయాలని ఎవరూ అనలేదు.

పని చూసి నగ పెట్టడం కొత్త తెలివేమీ కాదు. మన పాత నగల్లో చాలావాటికి ఒక ఉద్యోగం ఉండేది. బరువైన బుట్టల్ని తమ్మె ఒక్కటే మోయలేదని మాటీలు పుట్టాయి. చెవి మీదుగా పోయి జుట్టులో చిక్కుకునే ఆ గొలుసు సగం బరువు తన మీద వేసుకుంటుంది. వడ్డాణం కుచ్చిళ్ళను నడుం దగ్గర పట్టి ఉంచుతుంది. నడుముకు దోపుకునే వెండి తాళాల గుత్తి ఇంటి పెత్తనానికి గుర్తు, తాళాలు పోకుండా చేసుకున్న ఏర్పాటు కూడా. ఇప్పుడు షాపుల్లో చూస్తే బోలుగా, తేలిగ్గా ఉండే చిన్న కమ్మలకు మాటీలు తగిలించి అమ్ముతున్నారు. నిజంగా బరువున్న బుట్టల్ని మాత్రం వట్టి కొక్కెంతో ఇస్తున్నారు. నాకిది తలకిందుల వ్యవహారంలా కనిపిస్తుంది. పెళ్ళికి బరువు బుట్టలు తప్పదనుకుంటే మాటీలు విడిగా అడిగి తీసుకోండి. తమ్మె వెనక అంటించే పారదర్శకపు స్టిక్కర్లు కూడా ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతాయి. తమ్మె రంధ్రం గీతలా సాగడం మొదలైతే మాత్రం ఆ చెవికి బరువు పెట్టడం ఆపెయ్యాలి. పూర్తిగా తెగాక కుట్టించుకోవడం తప్ప దారి ఉండదు.

చీరకు అన్నిటికన్నా అవసరమైన అలంకార వస్తువు ఏదంటే నేను పిన్నీసు అంటాను. 1849లో అమెరికాలో వాల్టర్ హంట్ అనే ఆయన దాన్ని కనిపెట్టి, హక్కుల్ని 400 డాలర్లకు అమ్మేసుకున్నాడు. ఆయనకు తెలియదు గానీ ఇవాళ తెలుగు దేశంలో ఏ పెళ్ళి పందిరైనా నిలబడి ఉన్నది ఆయన చలవతోనే. పట్టుచీరకు మందపాటి పిన్నీసు గుచ్చితే పోగులు తెగుతాయి. సన్నది, తుప్పు పట్టనిది వాడాలి. పిన్నీసు చుట్ట తిరిగే చోట బట్ట ఇరుక్కుని చిరుగుతుంది కాబట్టి ముందుగా ఒక చిన్న పూసను సూదికి ఎక్కించి ఆ చుట్ట దాకా జరపండి. బట్ట పూస దగ్గర ఆగిపోతుంది. కొంగు బరువు ఎక్కువైతే ఒక్క పిన్నీసు మీద మొత్తం భారం వెయ్యకుండా భుజం వెనక జాకెట్టుకు ఇంకోటి పెట్టాలి.

ఇక బట్ట సంగతి. నప్పడం అంటే చాలామంది రంగుకు రంగు కలపడం అనుకుంటారు. ఆకుపచ్చ చీరకు ఆకుపచ్చ గాజులు, ఆకుపచ్చ రాళ్ళ నెక్లెస్, ఆకుపచ్చ బొట్టు, చివరికి ఆకుపచ్చ చెప్పులు. తప్పు అనను గానీ కంటికి నిలవడానికి చోటు దొరకదు. నేను చూసేది ఆ బట్టలో సందడి ఎక్కడుందో అని. సందడి లేని చోట నగ పెట్టాలి.

మంగళగిరి నూలు చీర తీసుకోండి. ఒళ్ళంతా ఒకే రంగు, అంచున జరీ. మధ్యలో అంత ఖాళీ ఉంది కాబట్టి ఒక పెద్ద లాకెట్టో, పగడాల దండో దాని మీద హాయిగా కూర్చుంటుంది. అదే పోచంపల్లి అయితే నేతకు ముందే దారానికి రంగులద్ది నేసిన చీర. గడులు, పలకలు ఒళ్ళంతా పరుచుకుని ఉంటాయి. దాని మీద పెద్ద డిజైన్ హారం వేస్తే రెండూ పోట్లాడుకుంటాయి. మెడ వదిలేసి చెవులకు, చేతులకు పెట్టుకుంటే సరి. గద్వాలలో ఒళ్ళు నూలు, అంచు, కొంగు పట్టు. అంచుల్లోనే వైభవమంతా ఉంది. అందుకని మెడలో ఒక్క కాసులపేరు వేసుకుని ఊరుకుంటే చీర పరువు, పేరు పరువు రెండూ నిలబడతాయి.

జాకెట్టుకు మగ్గం వర్కు చేయించారంటే మెడకు నగ కుట్టించుకున్నట్టే. దాని మీద మళ్ళీ నెక్లెస్ వేస్తే వేలు పోసి చేయించిన పని కనపడదు, నెక్లెస్సూ కనపడదు. కుట్టుపని ఉన్న జాకెట్టుకు మెడ ఖాళీగా వదలండి. ఇంట్లో పెద్దవాళ్ళు “మెడ బోసిగా ఉందేమే” అంటారు, అది మాత్రం తప్పదు. నల్లపూసలో సన్న గొలుసో ఉంటే వాళ్ళకూ తృప్తి.

రంగు దగ్గర ఒక చిన్న కిటుకు పనికొస్తుంది. చీరలో ఎక్కువగా ఉన్న రంగును వదిలేసి అతి తక్కువగా ఉన్నదాన్ని పట్టుకోండి. అంచులో సన్నటి గీతగా ఎర్రరంగు పోగొకటి ఉంటుంది చూడండి, గాజులు ఆ రంగువి వేసుకుంటే ఆ గీత ఒక్కసారి లేచి నిలబడుతుంది. లోహానికి దారి చూపేది జరీ. పసుపు జరీకి బంగారు రంగు, వెండి జరీకి వెండి, రాగి ఛాయ జరీకి పాతబడిన రంగున్న నగలు.

గొలుసు పొడవు దుకాణంలో తేల్చుకునే విషయం కాదు. సుమారుగా 16 అంగుళాలది గొంతు మొదట్లో ఉంటుంది, 18 అంగుళాలది గొంతు కింది ఎముకల మీద పడుతుంది, 24 అంగుళాలది గుండెల దాకా దిగుతుంది. కానీ మెడ మందాన్ని బట్టి ఇది మనిషి మనిషికీ మారుతుంది. ఇంట్లో ఒక దారం మెడలో వేసుకుని, కావలసిన చోట ముడి వేసి, ఆ దారాన్నే షాపుకు పట్టుకెళ్ళండి. బోట్ నెక్కు, కాలరు ఉన్న కుర్తీల మీదకి పొట్టి గొలుసు వేస్తే బట్ట అంచుకు, గొలుసుకు మధ్య తగవే. అక్కడ పొడుగుదైనా వెయ్యాలి, అసలు వెయ్యకుండానైనా ఉండాలి.

గాజుల కొలత దగ్గర చాలామంది మోసపోతారు. రెండు పాయింట్ ఆరు అని రాసి ఉంటే 2.6 అంగుళాలు అనుకుంటారు. ఆ ఆరు పదహారో వంతుల్లో లెక్క. అంటే గాజు లోపలి వెడల్పు రెండు అంగుళాల మీద పదహారింట ఆరు వంతులు. అలాగే రెండు పాయింట్ ఎనిమిది అంటే సరిగ్గా రెండున్నర అంగుళాలు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు ఇంట్లో ఉన్న గాజును స్కేలు మీద పెట్టి లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలుచుకోవాలి. గాజుకు, మట్టుకు, లక్క గాజుకు ఒకే కొలత సరిపోదు కూడా. మందంగా ఉండేవి కాస్త వదులుగా తీసుకోవాలి. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో చేసే లక్క గాజులు అద్దాలు, రాళ్ళు పొదిగి ఎంత మెరిసినా, వేడి తగిలితే లక్క మెత్తబడి రాళ్ళు ఊడతాయి. మే నెలలో కారులో వదిలేసి గుడికి వెళ్ళకండి. రోజంతా కీబోర్డు మీద చేతులుండే వాళ్ళకు కుడి చేతికి గాజులు అడ్డం. ఎడమ చేతికి రెండు పెట్టుకుని కుడి చేయి వదిలెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

“నాకు గిల్టు పడదు” అనే మాట ప్రతి ఇంట్లోనూ ఒకరి నోట వింటాం. పడనిది సాధారణంగా నికెల్. గిల్టు నగల్లో ఇత్తడికి, పై పూతకు మధ్య నికెల్ పొర వేయడం మామూలు. పూత అరిగి, చెమట తగిలితే అది చర్మంలోకి చేరుతుంది. దురద, ఎర్రదనం, తర్వాత రసి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ గుణం జీవితాంతం ఉంటుంది. వాచీ బకిల్ కింద, జీన్స్ గుండీ తగిలే బొడ్డు దగ్గర కూడా దురద వస్తుంటే అనుమానం దాదాపు రూఢి అయినట్టే, చర్మ డాక్టరు పరీక్ష చేసి చెబుతారు. ఇలాంటి వాళ్ళు గిల్టు మానేసి జర్మన్ సిల్వర్ కొనుక్కుంటారు, వెండి కదా అని. అందులో వెండి అణువంత కూడా ఉండదు. రాగి, జింకు, నికెల్ కలిపి చేసిన లోహం అది. తప్పించుకోవాలనుకున్నదే పేరు మార్చుకుని ఎదురొచ్చిందన్నమాట. కొన్ని రకాల తెల్ల బంగారంలోనూ నికెల్ ఉంటుంది. 22 క్యారెట్ల బంగారం, 925 ముద్ర ఉన్న వెండి, టైటానియం అయితే చాలామందికి ఇబ్బంది ఉండదు. గోళ్ళ రంగు పూసి వాడే చిట్కా రెండు పూటలకి పనికొస్తుంది, అంతే.

గిల్టు పడేవాళ్ళు మాత్రం దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. మచిలీపట్నం పక్కన చిలకలపూడిలో తరాలుగా ఈ పని మీదే బతికే కుటుంబాలున్నాయి. రాత్రి బస్సులో ప్రయాణానికి, జాతరకు, కిక్కిరిసిన పుష్కర ఘాట్‌కు అసలు బంగారంతో వెళ్ళి రోజంతా మెడ తడుముకుంటూ గడపడం కన్నా చిలకలపూడి గొలుసు వేసుకుని దైవదర్శనం మీద మనసు పెట్టడం మేలు. “నిజమైనదేనా?” అని పక్కావిడ అడిగితే “చిలకలపూడిది” అని ధీమాగా చెప్పండి. సెంటు, శానిటైజర్ పూతకు శత్రువులు. తీసిన వెంటనే పొడి గుడ్డతో తుడిచి, ఒక్కోదాన్ని ఒక్కో సంచిలో పెడితే రంగు ఎక్కువ కాలం నిలుస్తుంది.

అసలు బంగారమే కొంటుంటే ఒక్క ముక్క. బీఐఎస్ త్రికోణపు గుర్తు, 22 క్యారెట్లకు 916 అంకె, అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ, ఈ మూడూ నగ మీద ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగల అమ్మకానికి ఈ హెచ్‌యూఐడీ తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరింటినీ కొడితే వివరాలు వస్తాయి. దుకాణంలో నిలబడే కొట్టి చూడండి, మొహమాటం వద్దు.

బ్యాగు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. మన ఆడవాళ్ళ బట్టలకు జేబులుండవు, చేతిలో ఫోను మాత్రం అరచేతిని మించి పెరిగింది. ఈ రెంటి మధ్య ఉన్న సమస్యకు బ్యాగు ఒక జవాబు, దర్జీ ఇంకో జవాబు. కుర్తీకి పక్క కుట్టులో జేబు పెట్టమంటే పెట్టే దర్జీలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, అడగకపోవడం మనదే లోపం. పల్చటి బట్టకు మాత్రం జేబు సంచి గట్టి లైనింగుతో, నడుం పట్టీ దాకా తగిలించి కుట్టమనాలి. లేకపోతే ఫోను బరువుకు కుర్తీ ఒక పక్కకు వేలాడుతుంది.

బ్యాగు కొనే ముందు మీరు రోజూ మోసేవన్నీ మంచం మీద పరచండి. ఫోను, ఛార్జరు, టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, గొడుగు, తాళాలు. లీటరు నీళ్ళే కిలో బరువు. ఇంత సరుకును ఒంటి భుజానికి సన్న గొలుసుతో వేలాడే బ్యాగులో కుక్కితే మధ్యాహ్నానికి భుజం చెబుతుంది దాని కథ. వెడల్పాటి పట్టీ ఉన్నదైనా కొనాలి, వీపుకు తగిలించుకునేదైనా కొనాలి. సిటీ బస్సుకు, ఎంఎంటీఎస్‌కు ఒంటికి అడ్డంగా వేసుకునే పట్టీ, ముందు వైపు జిప్పు ఉన్నది మంచిది. చేతులు రెండూ పట్టుకోవడానికి ఖాళీగా ఉంటాయి. పెళ్ళిళ్ళకు తీసుకెళ్ళే పోట్లీ సంచి ముచ్చటగా ఉంటుంది గానీ భోజనాల దగ్గర దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక ఒళ్ళో పెట్టుకుంటాం, సాంబారు దాని మీదే పడుతుంది. మణికట్టుకు తగిలించుకునే తాడు ఉన్నదే చూసుకోండి.

తోలులా కనిపించే పీయూ బ్యాగులు మన కోస్తా ఉక్కలో ఎక్కువ కాలం బతకవు. గాలిలో తేమకు ఆ పై పొర విచ్చిపోయి పొట్టు రాలుతుంది, బీరువాలో వాడకుండా దాచినా సరే. విశాఖలోనో కాకినాడలోనో ఉండి పీయూ బ్యాగును పెళ్ళిళ్ళకని దాచుకుంటే దాచుకున్నది పొట్టే. కొంటే వాడెయ్యండి. ఏళ్ళ తరబడి కావాలంటే మందపాటి కాన్వాసో, అసలు తోలో కొనండి.

చున్నీ, స్కార్ఫు అలంకారమే గానీ చక్రం దగ్గర ప్రాణాంతకం. 1927లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఇసడోరా డంకన్ అనే ప్రసిద్ధ నర్తకి మెడకు చుట్టుకున్న పొడవాటి స్కార్ఫు కారు చక్రంలో చుట్టుకుని చనిపోయింది. మన దగ్గర బండి వెనక ఒక పక్కకు కూర్చునే వాళ్ళ కొంగులకు ఇదే ప్రమాదం. అందుకే వెనక చక్రాన్ని సగమైనా మూసే రక్షణ ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే రాశారు. కొత్త బండి అందం చెడుతుందని దాన్ని పీకించే వాళ్ళను ఏమనాలో నాకు తెలీదు. ఎక్కేముందు కొంగు ఒళ్ళోకి తీసుకుని దోపండి, చున్నీని ముందు ముడి వెయ్యండి.

చెప్పుల గురించి ఒక్క మాట. చీర కట్టాక చెప్పులు ఎంచుకుంటే కుచ్చిళ్ళు పైకి తేలతాయి, లేదా నేలను ఊడుస్తాయి. వేసుకోబోయే చెప్పులు తొడుక్కుని కట్టడం మొదలుపెట్టండి. గుడికి వెళ్ళే రోజయితే చెప్పులు విప్పాక చీర ఎంత జారుతుందో కూడా లెక్క వేసుకోవాలి.

మగవాళ్ళ సంగతి తేలిక, అయినా పొరపాట్లకు కొదవలేదు. ప్యాంటు నడుం 34 అయితే బెల్టు 36 కొనాలి. ఐదు చిల్లుల్లో మధ్య దానిలో బిగిసేది సరైన బెల్టు. ఆఫీసు ప్యాంటుకు అంగుళంపావు వెడల్పు, జీన్సుకు అంగుళంన్నర. బెల్టు రంగు బూట్ల రంగును అనుసరించాలి, చొక్కాను కాదు. వెనక జేబులో పాత రసీదులు దట్టించిన పర్సు పెట్టుకుని గంటల తరబడి కూర్చుంటే పిరుదు దగ్గర నరం నొక్కుకుని కాలు లాగుతుంది, దాన్ని ముందు జేబులోకి మార్చండి. వాచీ మీద 30 మీటర్లు అని రాసి ఉంటే ఈత కొట్టొచ్చని కాదు, చేతులు కడుక్కునేటప్పుడు పడే చినుకులు తట్టుకుంటుందని అర్థం. పెళ్ళికి పట్టుపంచె కట్టే కుర్రాళ్ళు నడుముకు పంచె బెల్టు పెట్టుకుంటే ఫోటోలయ్యేదాకా నిశ్చింత. కండువాకు జరీ ఉంటే లాల్చీ సాదాగా ఉండాలి.

చలవ కళ్ళద్దాలు మాత్రం అందం చూసి కొనకండి. నల్లటి అద్దం వెనక కంటిపాప పెద్దదవుతుంది. ఆ అద్దానికి అతినీలలోహిత కిరణాలను ఆపే శక్తి లేకపోతే ఉత్త కంటికన్నా ఎక్కువ హాని. యూవీ 400 అని ఉందో లేదో చూడండి.

ఏమీ పెట్టుకోకూడని పూటలు కూడా ఉంటాయి. నీట్ పరీక్షకు నగలు, వాచీ, బూట్లు వద్దని ముందే చెబుతారు. ముక్కుపుడక మర బిగుసుకుపోయి ఉంటే గేటు దగ్గర ఏడవకుండా వారం ముందే కంసాలి దగ్గర వదులు చేయించుకోవాలి. ఎమ్మారై గదిలోకి లోహం దేనితోనూ వెళ్ళకూడదు. తిరిగే మిషన్ల దగ్గర ఉంగరం వేలినే లాగేస్తుంది. పసిబిడ్డను ఎత్తుకునే రోజుల్లో గొలుసు, వేలాడే కమ్మలు పెట్టెలోనే ఉండనివ్వండి.

ఇక ముత్యాలు. హైదరాబాద్ వెళ్ళి కొనుక్కోని వాళ్ళు తక్కువ, జాగ్రత్త చేసేవాళ్ళు ఇంకా తక్కువ. ముత్యం కాల్షియం కార్బొనేటు. చెమటలోని పులుపుకు, సెంటుకు, జుట్టుకు కొట్టే స్ప్రేకు దాని మెరుపు చస్తుంది. అలంకారమంతా అయ్యాక చివర్లో వేసుకోవాలి, ఇంటికి రాగానే ముందుగా తియ్యాలి. కాస్త తడి గుడ్డతో తుడిచి, మెత్తటి బట్టలో, ఇతర నగలకు రాసుకోకుండా పెట్టాలి. దారం సాగి ముత్యాల మధ్య సందు కనిపిస్తుంటే మళ్ళీ గుచ్చించే వేళయిందని. పత్తర్‌గట్టిలోనైనా మీ ఊళ్ళోనైనా గుచ్చే అతన్ని ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వెయ్యమని అడగండి. తెగినా ఒక్కటే రాలుతుంది. ముడుల వల్ల దండ పొడవు కొంచెం పెరుగుతుంది కాబట్టి, దాన్ని ఏ జాకెట్టు మీదకి వేసుకోబోతున్నారో ఆ జాకెట్టు తొడుక్కునే వెళ్ళండి.